రంగు దిగని చేతులు

"చేతులు చూపించండి," అంది నర్సు.

అతను తడిచేతులు పైకెత్తి పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. కుళాయి పైన గోడకి అంటించిన బొమ్మల్లో ఎలా ఉందో అలాగే కడిగాడు. ముందు అరచేతులు, తర్వాత వెనకవైపు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, చివరికి గోళ్ళు. ఎందుకైనా మంచిదని ఒక్కో బొమ్మా రెండేసిసార్లు చేశాడు. మోచేతుల నుంచి నీళ్ళు కారి చొక్కా తడుస్తోంది. ఆ చేతులు మణికట్ల పైదాకా ముదురు నీలంగా ఉన్నాయి.

"ఈ చేతులతోనా?"

"రంగండీ. నూలు అద్దకం పని నాది. మురికి కాదు."

"ఏదైనా సరే, పోగొట్టుకుని రండి."

"పోదు సిస్టర్. చూడండి, నీళ్ళు తేటగానే వస్తున్నాయి. రంగు దిగడం లేదు."

మళ్ళీ కుళాయి కింద చేతులు పెట్టి చూపించాడు. అతని పనిలో శుభ్రానికి గుర్తు అదే. రంగులోంచి తీసిన నూలు చిలపని, ఆ పోగుల కట్టని, జాడించి జాడించి, ఇక నీళ్ళు తేటగా వస్తున్నాయంటే పని అయినట్టు. నర్సు నీళ్ళ వంక చూడనేలేదు. చేతుల వంకే చూసింది.

ఆమె ఈ వార్డు మనిషి కాదు. పండగ సెలవులని వేరే వార్డు నుంచి పంపించారు. రోజూ ఉండే పెద్ద నర్సు తన పిల్లల్ని తీసుకుని మొన్ననే ఊరెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "రేపట్నుంచి నాన్నగారు కూడా లోపలికొచ్చి పాపని ముట్టుకోవచ్చు," అని మాటిచ్చింది. ఆ మాట కూడా ఆమెతో పాటే సెలవు మీద వెళ్ళిపోయినట్టుంది.

"పోనీ గ్లౌజులివ్వండి," అన్నాడు.

"ఒంటికి ఒళ్ళు తగలాలనేగా మిమ్మల్ని రానిచ్చేది? రబ్బరు తగిలితే దానికేం తెలుస్తుంది?" అని, కొంచెం మెత్తబడింది. "మీ ఆవిడ వస్తోంది కదా, చాలదా? సెలవులయ్యాక పెద్ద సిస్టర్ వస్తారు. ఆవిడ సరేనంటే నాకేం అభ్యంతరం లేదు. లోపల పిల్లలున్న అన్ని పెట్టెలకీ నేనొక్కదాన్నే. ఏమైనా అయితే నా మెడకే చుట్టుకుంటుంది."

అబద్ధం కాదు. ఆమె జేబులోంచి సగం తిన్న బిస్కెట్ల పొట్లం తొంగి చూస్తోంది. దాన్ని పూర్తి చేసే తీరిక పొద్దుట్నుంచీ దొరకనట్టే ఉంది.

వెనకాల నిలబడిన ఇంకో తండ్రి, బస్సు డ్రైవరు, ముందుకొచ్చి, కుళాయి కింద వేళ్ళు అలా ఆడించి, ప్యాంటుకి తుడుచుకుని చేతులు చూపించాడు. నర్సు తలూపింది. తెల్లగా ఉన్నాయి మరి.

అతను వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తలుపుకి గుండ్రటి అద్దం ఉంది. అందులోంచి చూస్తే వరసగా గాజుపెట్టెలు, వాటి పక్కన గీతలు పరిగెత్తే యంత్రాలు కనబడతాయి. చివరి పెట్టె నెలలు నిండకుండానే పుట్టిన అతని కూతురిది. ఇక్కణ్ణుంచి దాని పెట్టె మూలా, పసుప్పచ్చ టోపీ కొసా తప్ప ఇంకేం కనబడవు. అద్దానికి ఎంత దగ్గరగా మొహం పెట్టినా అంతే. పైగా ఊపిరికి అద్దం మసకబారి ఆ టోపీ కూడా మాయమవుతుంది. కాబట్టి ఊపిరి బిగబట్టి చూడటం అలవాటు చేసుకున్నాడు.

లోకమంతా సెలవుల్లో ఉంది. క్యాంటీను మూసేశారు. వరండాలో సగం దీపాలు ఆర్పేశారు. ఆసుపత్రి గేటు ముందు నుంచి కొత్తబట్టల పిల్లలతో కార్లు వెళ్తున్నాయి. ఒక కారు కిటికీలోంచి ఎవరో పిల్లాడు అతనికి చెయ్యూపాడు. అతను కూడా ఊపబోయి, చెయ్యి చూసుకుని దించేశాడు.

కాసేపటికి భార్య బయటికొచ్చింది. ఆపరేషను కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఒక చేత్తో పొట్ట అదిమిపట్టుకుని, రెండో చేత్తో గోడ తడుముకుంటూ నడుస్తోంది. అతను లేచి పట్టుకున్నాడు.

"ఇవాళ కూడా రానివ్వలేదా?"

"సెలవులయ్యాక అంటోంది."

"అప్పటిదాకా నాన్న చెయ్యి ఎలా ఉంటుందో దానికి తెలియొద్దా?" అంది కోపంగా. ఆ కోపం నర్సు మీదో, అతని మీదో, సెలవుల మీదో ఆమెకే తెలియదు. కూర్చుని ఊపిరి తీసుకున్నాక గొంతు మారింది. "వేలు పెడితే పట్టుకుందండీ. ఇంతంత వేళ్ళు. గోళ్ళున్నాయి చూశారూ, అచ్చం మీవే. వెడల్పుగా, మొద్దుగా."

"నీవి రావాల్సింది."

"రావాల్సిందే. ఏం చేస్తాం, మీ ఖర్మ దానికీ పట్టింది." ఇద్దరూ నవ్వారు. బెంచీ రెండో చివర కూర్చున్న అత్తగారు నవ్వలేదు.

అత్తగారికి అల్లుడంటే కోపం లేదు. రంగుల వాసనంటే కోపం. "కడుపుతో ఉన్న పిల్ల ఆ ఆవిర్ల మధ్యకి రోజూ క్యారేజీ మోసుకెళ్తే ఇలా కాక ఎలా అవుతుంది?" అని మొదటి రోజు ఒకసారి అంది. డాక్టరు దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు. ఆమె మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోయినా అతని చేతుల మీద చూపు పడ్డప్పుడల్లా ఆ మాట అతనికి వినబడుతూనే ఉంది.

బస్సు డ్రైవరు బయటికొచ్చి పక్కన చతికిలబడ్డాడు. అతనికి కవలలు. "మావాళ్ళలో ఒకడు ఎక్స్‌ప్రెస్సు గురూ, ఒకడు ప్యాసింజరు. ఒకడు గబగబా బరువు పెరుగుతున్నాడు, ఇంకోడు ప్రతి స్టేజీలోనూ ఆగుతున్నాడు. ఏమాట కామాట, ఇద్దరూ టైముకి ముందే వచ్చారు. మా డిపోలో ఇంతవరకూ ఒక్క బండి అలా రాలేదు." అత్తగారు కూడా ఈసారి పెదవి బిగించుకుని నవ్వు ఆపుకుంది. తర్వాత డ్రైవరు అతని చేతుల వైపు చూసి గొంతు తగ్గించాడు. "దేనితోనైనా రుద్దరాదూ? కిరోసిన్‌తో గ్రీజు పోతుంది."

"ఇది గ్రీజు కాదన్నా. నూలుకి పట్టినట్టు పట్టేస్తుంది."

"నూలుకి పట్టింది ఊడగొట్టడం మీకు రాదా?"

డ్రైవరు ఏదో మాటవరసకి అన్నాడు. అది అతని బుర్రలో కూర్చుంది.

బిడ్డ బతుకుతుందా అని అతను ఎవర్నీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదని డాక్టరు చెప్పినప్పుడు తలూపి ఊరుకున్నాడు. ఆ ప్రశ్న గొంతులోంచి పైకి రాక, దాని స్థానంలో ఈ ఒక్క కోరిక వచ్చి కూర్చుంది. పాపని ముట్టుకోవాలి. ఒక్కసారి ముట్టుకుంటే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుందని, తెలివితక్కువగానే, గట్టిగా నమ్మాడు.

మర్నాడు పొద్దున్నే యజమాని ఇంటికెళ్ళి అద్దకం షెడ్డు తాళంచెవి అడిగాడు. యజమాని సెలవు బద్ధకంతో లుంగీ మీదే బయటికొచ్చి, "పాపెలా ఉందోయ్?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా తాళంచెవి తేవడానికి లోపలికెళ్ళాడు. మంచివాడే. జవాబు వినడానికి భయపడే మంచివాళ్ళు చాలామంది ఉంటారు.

షెడ్డులో పొయ్యిలు చల్లారి ఉన్నాయి. దండేల మీద సెలవులకి ముందు ఆరేసిన చిలపలు అలాగే వేలాడుతున్నాయి. అవి అతను వేసిన నీలమే. భార్యకి నొప్పులొచ్చాయని కబురొచ్చినప్పుడు చేతులు రంగుతొట్టిలో ఉన్నాయి. ఆ తొట్టి ముందు నిలబడి అతను ఏనాడూ చేతికి తొడుగు వేసుకోలేదు. వేసుకుంటే నూలు రంగుని ఎంత పట్టుకుందో, ఇంకెంత తాగుతుందో వేళ్ళకి తెలియదు. చూసి చెప్పేవాళ్ళున్నారు. అతను పట్టుకుని చెప్పేవాడు. షెడ్డులో అందరికంటే ఎక్కువ నీలం చేతులు అతనివే. అదంటే ఇన్నాళ్ళూ అతనికి గర్వం.

తేడా వచ్చిన చిలపల రంగు ఊడగొట్టడానికి ఒక పద్ధతి ఉంది. గంగాళంలో నీళ్ళు వేడిచేసి, బ్లీచింగు పొడి కలిపి, నూలు ముంచి, కర్రతో తిప్పుతూ ఉండాలి. తొందరపడితే నూలు చచ్చిపోతుంది. పలచగా కలిపి, ఓపిగ్గా, మళ్ళీ మళ్ళీ ముంచాలి. ఈ సంగతి అతనికి బాగా తెలుసు. కొత్తవాళ్ళకి నేర్పేది కూడా అతనే.

మొదట పలచగానే కలిపాడు. చేతులు ముంచి కూర్చున్నాడు. తీసి చూస్తే నీలం నీలంగానే ఉంది. ఇంకాస్త పొడి వేశాడు. ఆసుపత్రిలో లోపలికి రానిచ్చే వేళ దాటిపోతుందేమోనని మాటిమాటికీ గుమ్మం బయట ఎండ వంక చూశాడు. నీళ్ళు ఇంకా వేడి చేశాడు. మళ్ళీ పొడి వేశాడు. మంట మొదలైంది. మంట పుడుతోందంటే రంగు కదులుతున్నట్టే అనుకున్నాడు. పళ్ళ బిగువున చేతులు అలాగే ఉంచాడు. నిదానంగా నీళ్ళు నీలానికి తిరిగాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది. చేతులు పైకి తీస్తే నానబెట్టిన గుడ్డముక్కల్లా తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. గోళ్ళ మొదళ్ళలో మాత్రం సన్నటి నీలం చారలు మిగిలిపోయాయి. వాటిని పుల్లతో గీకాడు కానీ రాలేదు.

ఆసుపత్రికి నడుస్తూ ఉండగానే చర్మం ఆరి బిగుసుకుంది. గేటు దగ్గరికొచ్చేసరికి కణుపుల మీద చిట్లడం మొదలైంది.

భార్య ముందు చేతులు చాపి చూపించాడు, చిన్నపిల్లాడు పలక చూపించినట్టు. అత్తగారు గబుక్కున లేచింది. "ఏం పని చేశావు నాయనా," అంది. ఎప్పుడూ మీరు అని పిలిచే మనిషి నువ్వు అనేసింది. తన కొంగు తీసి అతని వేలి మీద అద్దింది. కొంగు ఎర్రబడింది.

అతను కుళాయి దగ్గర కడుక్కున్నాడు. సబ్బు తగిలితే నిప్పుల్లో పెట్టినట్టుంది. బొమ్మలన్నీ పూర్తిచేసి చేతులు పైకెత్తాడు.

నర్సు చూసింది.

"ఎవరు చేసుకోమన్నారండీ ఇలాగ?"

"మీరేగా పోగొట్టుకుని రమ్మన్నారు."

"దేవుడా." ఆమె అతని మోచేతుల కింద పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. "అంతా పగిలిపోయింది. రసి కారుతోంది. ఈ చేతులతో ఇప్పుడు అసలు కుదరదు. పుండున్న చెయ్యి తగిలితే దానికి ఎంత ప్రమాదమో తెలుసా? నిన్నటి రంగు చేతులే నయం."

"మరి నిన్నెందుకు రానివ్వలేదు సిస్టర్?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. లోపల ఏదో యంత్రం కూసింది. నర్సు వెనక్కి చూసి, అతని వంక చూసి, "ఉండండి, కదలొద్దు," అని పరిగెత్తింది. తిరిగొచ్చి మందు రాసి, రెండు చేతులకీ గుడ్డ చుట్టింది. చుడుతున్నంతసేపూ తల ఎత్తలేదు. చివర ముడి వేస్తూ, "మానేదాకా ఓపిక పట్టండి," అంది. "మానగానే నేనే పిలుస్తాను. పెద్ద సిస్టర్ దాకా ఎందుకు?"

ఆ మాట పట్టుకుని అతను రెండు పూటలు బతికాడు. మానిందా అని గుడ్డ కొస ఎత్తి చూసుకునేవాడు. భార్య అతనికి అన్నం తినిపించేది. "మంచి పనే చేశారు, ముందు మీ మీద అలవాటు చేసుకుంటే తర్వాత దానికి తినిపించడం తేలిక," అనేది. అత్తగారు కొంగుచాటున కళ్ళు తుడుచుకుని, ఆ రంగుల వాసన సంగతి ఇక జన్మలో ఎత్తనని ఎవరూ అడగకుండానే చెప్పింది.

తర్వాతి పొద్దున భార్య చిన్న గిన్నెలో తన పాలు పట్టుకుని లోపలికెళ్ళి, పాలతోనే తిరిగొచ్చింది.

"ఇవాళ వద్దన్నారు. అరగడం లేదట." గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "వేలు పెడితే పట్టుకోలేదండీ. నిద్రపోతోందేమో."

"నిద్రపోతోందిలే."

కుర్ర డాక్టరు హడావిడిగా లోపలికెళ్ళాడు. పెద్ద డాక్టరు సెలవులో ఉన్నాడు. తలుపు అద్దంలోంచి చూస్తే కుర్రాయన చెవికి ఫోను పెట్టుకుని, చివరి పెట్టె దగ్గర వంగి నిలబడి కనిపించాడు. అతని వీపు అడ్డమై పసుప్పచ్చ టోపీ కొస కూడా కనబడలేదు. బయటికొచ్చి, "రక్తంలోకి ఇన్ఫెక్షన్ వెళ్ళింది. చెయ్యాల్సినవన్నీ చేస్తున్నాం," అన్నాడు. ఇద్దరూ తలూపారు. అలాంటి మాటకి ఇంకేం చేయాలో ఎవరికి తెలుసు? డాక్టరు ఇంకేదో చెప్పబోయి, మళ్ళీ ఫోను మోగితే వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బస్సు డ్రైవరు కవలలిద్దర్నీ మామూలు వార్డుకి మార్చారు. డ్రైవరు సంచులు, ఫ్లాస్కు, దుప్పటి సర్దుకుని బెంచీ దగ్గర నిలబడ్డాడు. ఎక్స్‌ప్రెస్సు, ప్యాసింజరు ఒకేసారి చేరాయని ఏదో ఒకటి అంటాడని అతను ఎదురుచూశాడు. డ్రైవరు లోపల ఏం చూసి వచ్చాడో ఏమో, అతని భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి వెళ్ళిపోయాడు.

ఎండ వరండా గోడ మీదికి ఎక్కుతుండగా తలుపు తెరుచుకుంది.

"ఇద్దరూ రండి," అంది నర్సు. "పాపని ఎత్తుకుందురుగాని."

భార్య చటుక్కున లేవబోయి కుట్లు లాగి, "అబ్బా" అని మళ్ళీ లేచింది. "ఎత్తుకోవచ్చా? పెట్టెలోంచి బయటికి తీస్తారా? ఏమండీ, విన్నారా?" ఆమె మొహం వెలిగిపోతోంది. "మీరు కూడానట! ఒప్పుకున్నారు, చూశారా!"

అతను లేచి నిలబడ్డాడు. గుడ్డ చుట్టిన చేతులు ముందుకి చాపాడు.

"ఇంకా మానలేదు సిస్టర్."

"ఫర్వాలేదు. రండి."

ఆమె చేతుల వంక చూడలేదు. మొన్న నీళ్ళ వంక చూడకుండా చేతులే చూసిన మనిషి, ఇవాళ అతని మొహం వంకే చూస్తోంది. ఫర్వాలేదు అన్న మాట అతని చెవిలో పడి కిందికి దిగుతూ పోయింది. రంగు చేతులు వద్దంది. పుండు చేతులు అసలే వద్దంది. ఇప్పుడు ఏ చేతులైనా ఫర్వాలేదట. ఎందుకు ఫర్వాలేదో అతనికి అర్థమైంది. ఇన్నాళ్ళూ తను అడగని ప్రశ్నకి జవాబు వచ్చేసింది.

అతను తలుపు దాటి పెట్టెల వైపు వెళ్ళలేదు. కుళాయి దగ్గర ఆగాడు. పళ్ళతో ముడి విప్పి, గుడ్డలు ఒక్కో చుట్టూ ఊడదీశాడు. పుండ్లకి అంటుకున్నచోట నీళ్ళు పోసి నానబెట్టి లాగాడు.

"అక్కర్లేదండీ," అంది నర్సు మెల్లిగా.

అతను సబ్బు అందుకున్నాడు. ముందు అరచేతులు. తర్వాత వెనకవైపు. వేళ్ళ సందులు. మంటకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంటకే అనుకోవచ్చు. బొటనవేళ్ళు. గోళ్ళు. మళ్ళీ మొదటి బొమ్మ దగ్గరికి వచ్చాడు. రూలు రూలే. రూలు ఉన్నంతసేపూ ఆ పెట్టెలో ఉన్నది కాపాడుకోవాల్సిన బిడ్డే. రెండోసారి కూడా ఒక్క బొమ్మ వదలకుండా కడిగాడు.

నర్సు తొందరపెట్టలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. భార్య మొదట, "త్వరగా కానివ్వండీ," అంది. తర్వాత నర్సు వంక చూసింది. పొద్దుట్నుంచీ ఒక్క నిమిషం కుదురుగా నిలబడని మనిషి అంత తీరిగ్గా ఎందుకు నిలబడిందా అని చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆమె మొహంలో వెలుగు పోయింది. కుళాయి గట్టు పట్టుకుని నిలబడింది.

అతను కుళాయి కట్టేసి, తడిచేతులు పైకెత్తి నర్సు ముందుకొచ్చాడు.

"చూడండి సిస్టర్."

"ఫర్వాలేదని చెప్పాను కదండీ."

"చూసి చెప్పండి."

ఆమె అతని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. అరచేతులు చూసింది, తిప్పి వెనకవైపు చూసింది. వేళ్ళు విడదీసి సందులు చూసింది. గోళ్ళు ఒక్కొక్కటే చూసింది. మొదటి రోజు కంటే ఎక్కువసేపే చూసింది.

"శుభ్రంగా ఉన్నాయి," అంది. "లోపలికి రండి."

చివరి పెట్టె పక్కన కుర్చీ వేసి ఉంది. యంత్రం గొంతు నొక్కేశారు. గీత ఒక్కటే నెమ్మదిగా పాకుతోంది. నర్సు గొట్టాలు ఒకటొకటిగా తీసి, పాపని రెండు చేతుల్లో ఎత్తి, భార్య గుండెల మీద బోర్లా పడుకోబెట్టింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి పాప వీపు మీద వేశాడు. ఒక్క చేతికే వీపంతా అందింది. వెచ్చగా ఉంది. చేత్తో పట్టుకుని నూలు సంగతి చెప్పగలిగినవాడికి ఆ చిన్న వీపు ఎంత ఊపిరి తీసుకుంటోందో, ఇంకెంత తీసుకోగలదో తెలిసిపోయింది. చెయ్యి తియ్యలేదు.

భార్య పాప పిడికిలి విప్పి అతని వేలి మీద ఉంచింది. పాప గోళ్ళు నీలంగా ఉన్నాయి. వాటి పక్కన అతని గోళ్ళ మొదళ్ళలో, పుల్లతో గీకినా పోని ఆ నీలం చారలు.

"చెప్పానా," అంది భార్య చాలాసేపటికి. "అచ్చం మీవే."